పాత ప్లైవుడ్ ట్రైమరాన్: అడ్డదూలం హల్‌ను కలిసే మూలలో పగులు, మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలి?

నీటిగీత

సభ్యులకు నమస్కారం. మా ట్రైమరాన్ (మూడు దేహాలు పక్కపక్కన ఉండే తెరచాప పడవ) 1970లలో ఒక ఔత్సాహికుడు ప్లాన్లు తెప్పించుకొని సొంతంగా కట్టుకున్న ప్లైవుడ్ పడవ. పొడవు సుమారు 10 మీటర్లు. సామాను, నీళ్లు, ఇంధనం అన్నీ కలిపితే బరువు 3 టన్నుల దాకా ఉంటుంది. ప్రధాన హల్‌కు, అంటే మధ్య దేహానికి, రెండు పక్కలా ఉన్న ఫ్లోట్లను (సన్నని పక్క దేహాలను) ముందొకటి, వెనకొకటి అడ్డదూలాలు పట్టి ఉంచుతాయి. అవి బోల్టులు విప్పి ఊడదీసే రకం కాదు. ప్రధాన హల్‌ను లోపల అడ్డంగా విభజించే బల్క్‌హెడ్ గోడలే రెండు వైపులా బయటికి సాగి దూలాలుగా మారతాయి. వాటికి పైన డెక్, కింద అడుగు ప్లైవుడ్ అతికి పెట్టె ఆకారం వస్తుంది.

ఈమధ్య పొట్టి అలల మీద గాలికి ఎదురు నడుపుతుండగా, గాలి పోయే వైపున ఉన్న కుడి ఫ్లోట్ బాగా మునిగిన సమయంలో, ముందు దూలం దగ్గర ఎండు కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. తెరచాపలు తగ్గించి చూస్తే, దూలం ప్రధాన హల్‌ను కలిసే మూలలో, అడుగు వైపున, అరచేతి పొడవు పగులు కనిపించింది. అల ఫ్లోట్‌ను ఎత్తినప్పుడల్లా అది నాణెం దూరేంత తెరుచుకొనేది, అల జారగానే మూసుకొనేది, మూసుకొన్న ప్రతిసారీ అంచుల నుంచి గోధుమరంగు నీళ్లు బొట్లుగా కారేవి. ఇంజను మీద నెమ్మదిగా తీరం చేరుకున్నాం. పడవ ఇప్పుడు నేల మీద ఉంది. పగులును శుభ్రం చేసి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, పైన గాజునార బట్ట వేస్తే సరిపోతుందా, లేక దూలాన్ని తెరవాలా అన్నది నా ప్రశ్న.

గాలివాటు

నీటిగీత గారూ, ముందుగా అందరూ క్షేమంగా చేరినందుకు సంతోషం. నేనైతే మూలకు రెండు వైపులా స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు పెట్టి, దూలం గోడలోంచి ఇటు నుంచి అటుకు బోల్టులు బిగించేవాణ్ణి. పగులు ఇక తెరుచుకోదు, పనీ త్వరగా ముగుస్తుంది, ఎప్పుడైనా విప్పి చూసుకోవచ్చు.

దూలంలెక్క

పట్టీల గురించి మాట్లాడే ముందు ఆ మూల ఎంత బలాన్ని మోస్తోందో అందరం ఒకసారి చూడాలి, ఎందుకంటే పగులు అడుగు వైపున రావడం కాకతాళీయం కాదు.

గాలి పోయే వైపు ఫ్లోట్‌ను నీరు పైకి తోస్తుంది. దూలం ఒక చివర హల్‌లో బిగిసి, రెండో చివర పైకి వంగుతుంది కాబట్టి దాని పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) గాలి వచ్చే వైపు నుంచి పట్టి ఉంచే ష్రౌడ్ తీగ కూడా తన చైన్‌ప్లేట్ (తీగను పడవకు బిగించే లోహపు పలక) ద్వారా అటువైపు దూలాన్ని పైకే లాగుతుంది. అంటే పడవ ఎటు ఒరిగినా కింది అంచులకు సాగుడే ప్రధానమైన శ్రమ. ఆ వంపు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది సరిగ్గా మీరు చెప్పిన మూలలో, దూలం హల్ పక్కగోడను కలిసే గీత మీద.

స్థూలంగా అంకెల్లో చూద్దాం. ఫ్లోట్‌కు పడవ బరువంతా మోయగల తేలుడు శక్తి ఉండి, 3 టన్నులూ దాని మీదే పడ్డాయనుకుందాం. ఫ్లోట్ మధ్య నుంచి హల్ పక్కగోడకు 2 మీటర్ల దూరం ఉంటే మొత్తం వంచే బలం 6 టన్ను-మీటర్లు. రెండు దూలాలూ సమానంగా పంచుకుంటే ఒక్కోదానికి 3. దూలం ఎత్తు 30 సెంటీమీటర్లయితే, దూలం పై అంచు వెంట ఉండే చెక్క పట్టె మీద 10 టన్నుల నొక్కుడు, కింది అంచు పట్టె మీద 10 టన్నుల లాగుడు. కింది పట్టె 100 × 45 మిల్లీమీటర్ల ఫర్ చెక్క అయితే చదరపు మిల్లీమీటరుకు సుమారు 22 న్యూటన్లు. ముడులు లేని డగ్లస్ ఫర్ వంపు పరీక్షలో 85 దాకా తట్టుకుంటుంది కాబట్టి ఇది భయపడవలసిన అంకె కాదు. అయితే అదే పట్టెలో సగం చీకిపోయి ఉంటే అంకె 44 అవుతుంది. అల మీద నుంచి దబ్బున పడినప్పుడు బలం రెట్టింపయిందంటే 88. చెక్క అక్కడ తెగుతుంది.

కాబట్టి నా అనుమానం పగులు మీద కాదు, దాని వెనకున్న కింది పట్టె మీద. ఆ గోధుమరంగు నీళ్లు ఎక్కడివో తేలేదాకా ఎపాక్సీ డబ్బా మూత తీయవద్దు.

చెక్కపని

దూలంలెక్క గారి మాటకు వడ్రంగి పని వైపు నుంచి కొంత చేరుస్తాను. గాలివాటు గారి పట్టీలు నడిసముద్రంలో పడవను ఇంటికి చేర్చడానికి పనికొస్తాయి, అందులో సందేహం లేదు. శాశ్వత మరమ్మతుగా మాత్రం వాటితో మూడు చిక్కులున్నాయి. బోల్టు పట్టు చుట్టూ ఉన్న చెక్క గట్టితనం మీద ఆధారపడుతుంది, ఇక్కడ అనుమానం ఉన్నదే ఆ చెక్క మీద. ప్రతి బోల్టు రంధ్రమూ నీటికి కొత్త దారి. అన్నిటికంటే ముఖ్యంగా, స్టీలు పట్టీ ముగిసే చోట గట్టితనం ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి తరవాతి పగులు సరిగ్గా ఆ అంచు దగ్గర మొదలవుతుంది. దీనికి తోడు, తడిసి గాలి ఆడని చోట స్టెయిన్‌లెస్ స్టీలు కూడా లోలోపల గుంటలు పడి తుప్పు తింటుంది. పైకి మెరుస్తూ కనిపించిన చైన్‌ప్లేట్లు డెక్ లోపల దాగిన భాగంలో సగం తెగి ఉండడం పాత పడవల్లో తరచుగా చూసేదే.

నీటిగీత గారూ, లోపలి వైపు నుంచి తెరవండి. దబ్బనం, చిన్న ప్లాస్టిక్ సుత్తి, తేమ కొలిచే మీటరు దగ్గర పెట్టుకోండి. సుత్తితో తడుతూ పోతే గట్టి చెక్క టంగుమంటుంది, చీకినది మొద్దుగా పలుకుతుంది. జిగురు గీతల రంగు కూడా చూసి చెప్పండి. ముదురు ఎరుపు-ఊదా రంగయితే రిసార్సినాల్, ఆ కాలపు జిగురుల్లో నీటికి తట్టుకునేది. లేత గోధుమ రంగయితే బహుశా యూరియా జిగురు. అది ఏళ్ల తరబడి తడికీ వేడికీ పెళుసవుతుంది.

నీటిగీత

తెరిచాను. హల్ లోపలి అల్మారాను ఊడదీసి, దూలం పెట్టెలోకి చెయ్యి దూరేంత రంధ్రం కోసి, దీపం పెట్టి చూశాను.

కింది పట్టె పై ముఖం మీద వేలి మందాన నల్లటి మడ్డి పేరుకొని ఉంది. దాన్ని గీకి దబ్బనం గుచ్చితే, హల్ పక్కగోడకు రెండు జానల దూరంలో చెక్క గట్టిగానే ఉంది; గోడకు దగ్గరవుతున్న కొద్దీ దబ్బనం లోతుగా దిగి, మూలలో పిడిదాకా వెళ్లింది. బయటికి తీస్తే మొనకు అంటుకొని వచ్చిన చెక్క చిన్న చిన్న ఘనాలుగా విరిగి, వేళ్ల మధ్య పొడి అయింది. తేమ మీటరు గట్టి భాగంలో 16 శాతం చూపింది, మూలలో మీటరు కొలత పరిధి దాటింది. జిగురు గీతలు లేత గోధుమ రంగులో ఉన్నాయి; చీకని చోట కూడా ఉలి అంచు పెట్టి కొద్దిగా మెలి తిప్పితే ప్లైవుడ్ పట్టె నుంచి శుభ్రంగా పొరలా విడిపోయింది. మేకుల తలలు తుప్పు పట్టి అరిగిపోయాయి.

నీళ్లు పైనుంచి వచ్చాయి. డెక్ మీద ఎవరో ఎప్పుడో బిగించిన గాలి గొట్టం మూత స్క్రూలు దూలం పెట్టెలోకే దిగాయి. వాన నీరు వాటి వెంట బల్క్‌హెడ్ గోడ మీదుగా జారి కింది పట్టె మీద నిలిచింది. బయటికి పోవడానికి కాలువ రంధ్రం ఒక్కటీ లేదు.

అలమీదఆకు

ఇలాంటి పుచ్చు చెక్కలోకి ఇంకిపోయే పలుచని ఎపాక్సీలు దొరుకుతున్నాయి కదా. చిన్న రంధ్రాలు చేసి అది పోస్తే చెక్క మళ్లీ గట్టిపడుతుందని చదివాను. దూలాన్ని కోయకుండా ఆ దారి ప్రయత్నించకూడదా?

చెక్కపని

కిటికీ చట్రానికైతే ఆ దారి చాలు. ఇక్కడ కుదరదు. చెక్కకు సాగుడు బలం ఇచ్చేది దాని పొడవాటి నార. గోధుమరంగు పుచ్చు తినేది ఆ నారలోని సెల్యులోజునే, అందుకే నీటిగీత గారు చూసినట్టు చెక్క ఘనాలుగా విరుగుతుంది. ఎపాక్సీ పోస్తే ఆ ఘనాలు గట్టిపడతాయి, దబ్బనం దిగదు, తడితే టంగుమంటుంది. తెగిపోయిన నార మాత్రం తిరిగి కలవదు. 10 టన్నులు లాగే పట్టెలో ఇంతకంటే ప్రమాదకరమైన స్థితి లేదు, ఎందుకంటే తరవాత పరీక్షించే వారికి లోపం దొరకదు. పైగా పలుచన చేసిన ఎపాక్సీ తడి చెక్కలోకి సరిగా ఇంకదు, అడుగున తేమను బంధిస్తుంది.

వాన నీటి విషయం కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. చెక్క పడవకు సముద్రపు నీటికంటే మంచినీళ్లే ఎక్కువ చేటు. ఉప్పు పుచ్చు బూజును కొంత అణచిపెడుతుంది; వాన నీరు గాలి ఆడని పెట్టెలో నిలిస్తే దానికి కావలసినవన్నీ అమరినట్టే. చెక్క తేమ 20 శాతానికి దిగువన ఉంటే బూజు పెరగదు.

పాతచుక్కాని

నేను పాత పడవల తనిఖీ చేస్తుంటాను. పని మొదలుపెట్టే ముందు ఈ పడవ ఎలాంటి కాలానిదో గుర్తు చేయడం అవసరమనుకుంటున్నాను.

అమెరికా పడవ రూపకర్త ఆర్థర్ పైవర్ 1960లో నింబుల్ అనే తన ట్రైమరాన్‌లో అట్లాంటిక్ దాటిన తరవాత, ప్లైవుడ్, మేకులు, జిగురు, పైన పాలియెస్టర్ రెసిన్‌తో గాజునార బట్ట అన్న పద్ధతిలో ఎందరో ఇంటి పెరట్లో ట్రైమరాన్లు కట్టుకున్నారు. ఆ పద్ధతి సామాన్యులకు సముద్రాన్ని తెరిచింది, దానికి నేను ఎప్పుడూ గౌరవం ఇస్తాను. అయితే పాలియెస్టర్ చెక్కకు గట్టిగా అంటుకోదు. కొన్నేళ్లకు పొరగా లేచి, ఆ పొర కింద నీరు చేరుతుంది, పైనుంచి చూస్తే రంగు నున్నగానే ఉంటుంది. అమెరికా పడవ నిర్మాతలైన గూజన్ సోదరులు 1970లో అడాజియో అనే ట్రైమరాన్‌ను మేకుల మీద ఆధారపడకుండా అంతా ఎపాక్సీతోనే అతికి, లోపలా బయటా పూసి కట్టినప్పుడు ఈ లోపానికి సమాధానం దొరికింది. మీ పడవ ఆ పద్ధతి వ్యాపించక ముందు కట్టినదని జిగురు గీతలే చెబుతున్నాయి.

బ్రిటిష్ నావికుడు నైజెల్ టెట్లీ 1968-69లో ఒంటరిగా, ఆగకుండా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పోటీలో నడిపిన విక్ట్రెస్ కూడా పైవర్ గీసిన ప్లైవుడ్ ట్రైమరానే. ఆయన ప్రపంచాన్ని చుట్టి, తాను వెళ్లిన దారినే దాటి, ఇంగ్లండుకు ఇంకా 1,100 నాటికల్ మైళ్లు ఉందనగా, 1969 మే నెలలో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర తుఫానులో ఎడమ ఫ్లోట్ ముందు భాగం ఊడి ప్రధాన హల్‌కు రంధ్రం చేసింది. పడవ అప్పటికే సడలి ఉంది, దారిలో అతుకులు వేసుకుంటూ వస్తున్నాడు. అదే విక్ట్రెస్ నమూనాను మార్చి కట్టించుకున్న మరో పోటీదారు డోనాల్డ్ క్రౌహర్స్ట్ తప్పుడు స్థానాలు తెలుపుతుండడంతో, అతను వెన్నంటి వస్తున్నాడని నమ్మి టెట్లీ పడవను గట్టిగా తోలాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ట్రైమరాన్‌లో ఒక అతుకు సడలితే దాని వంతు భారం పక్క అతుకుల మీదికి పోతుంది. కుడి ముందు మూల తెగిన పడవలో మిగిలిన మూడు మూలలూ ఎంతో కొంత అదనపు భారం మోసి ఉంటాయి. వాటినీ తెరిచి చూడండి.

గాలివాటు

లోపలి సంగతి విన్నాక పట్టీల ఆలోచన వదిలేస్తున్నాను. కార్బన్ నార గురించి అడుగుతాను. కొత్త చెక్క పెట్టే బదులు, పగులు మీద అడుగు వైపున కార్బన్ పట్టీ అతికితే తేలిగ్గా, మరింత బలంగా ఉండదా?

దూలంలెక్క

మంచి ప్రశ్న. రెండు పదార్థాలు కలిసి సాగుతున్నప్పుడు, భారం వాటి బలాన్ని బట్టి కాక గట్టితనాన్ని బట్టి పంపకమవుతుంది. ఫర్ చెక్క స్థితిస్థాపక గుణకం (సాగకుండా నిలిచే గట్టితనం కొలత) సుమారు 12 గిగాపాస్కల్స్, ఒకే దిశలో పరిచిన గాజునార-ఎపాక్సీకి 38 చిల్లర, కార్బన్‌కు 120 పైన. సన్నని కార్బన్ పట్టీ కూడా తన వంతుకు మించి భారం లాక్కుంటుంది, ఆ భారమంతా పట్టీ చివర్లలో జిగురు పొర గుండా చెక్కలోకి దిగాలి. పాత చెక్క పై పొర అక్కడ ఊడి వస్తుంది. గాజునార చెక్కకు దగ్గరి స్వభావం గలది కాబట్టి భారం సౌమ్యంగా పంచుకుంటుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది: ఉప్పునీటిలో కార్బన్ తాకిన అల్యూమినియం త్వరగా తుప్పు తింటుంది. మొత్తం దూలాన్ని కార్బన్‌తో కొత్తగా గీసి కడితే అది వేరే సంగతి. పాత చెక్క దూలానికి చెక్కతోనే మరమ్మతు చేసి, గాజునారతో కప్పడం మేలు.

చెక్కపని

ఇక పని క్రమం. నీటిగీత గారూ, ఏదైనా కోసే ముందు పడవను కదలకుండా నిలపడం అన్నిటికంటే ముఖ్యం. ఫ్లోట్ల కింద, ప్రధాన హల్ కింద దిమ్మలు పెట్టి, దూలాల మీద వంపు లేకుండా చేయండి. ఫ్లోట్ ముక్కు నుంచి మాస్ట్ అడుగుకు, వెనక కొస నుంచి అదే బిందువుకు దారాలు కట్టి, రెండు వైపులా ఏటవాలు కొలతలు రాసుకోండి. కుడి ఫ్లోట్‌కూ హల్‌కూ మధ్య తాత్కాలికంగా గట్టి కొయ్యలు బిగించండి. ఇది చేయకుండా కింది పట్టె కోస్తే ఫ్లోట్ తన బరువుకే కొద్దిగా జారుతుంది. కొత్త పట్టె అతికాక ఆ వంకర శాశ్వతమైపోతుంది.

పుచ్చు కంటికి కనిపించిన అంచు దగ్గర ఆగవద్దు. బూజు పోగులు గట్టిగా కనిపించే చెక్కలోకి కూడా పాకి ఉంటాయి, అంచు దాటి మరో 30 సెంటీమీటర్లు తీసేయడం మంచిది. తరవాత తొందరపడకుండా ఆరబెట్టండి. ఎపాక్సీకి చెక్క తేమ 12 శాతం లోపు ఉండాలి.

పాత పట్టె 45 మిల్లీమీటర్ల మందం అంటే, స్కార్ఫ్ అతుకు (రెండు చివర్లను ఏటవాలుగా చెక్కి కలిపే అతుకు) వాలు 1కి 12 చొప్పున 54 సెంటీమీటర్లు అవుతుంది. అంత పొడవు వాలుతో ఒకే ముక్కను పెట్టెలోపల దూర్చడం కష్టం. అందుకని 15 మిల్లీమీటర్ల పలకలు మూడు, ఒకదాని మీద ఒకటి అతుకుతూ పట్టెను అక్కడికక్కడే కట్టండి; ప్రతి పలకకూ అతుకు వేరే చోట పడేలా చూడండి. ఏ అతుకూ హల్ పక్కగోడ గీత మీద రాకూడదు. ఒకటి హల్ లోపలికి, బల్క్‌హెడ్ పూర్తి ఎత్తుతో నిలిచిన చోటికి పోవాలి, మరొకటి ఫ్లోట్ వైపు వంపు తగ్గిన చోటికి. బల్క్‌హెడ్ ప్లైవుడ్‌కు 1కి 8 వాలు చాలు.

అతికే ముందు రెండు ముఖాలకూ చిక్కదనం కలపని ఎపాక్సీ పూసి, చెక్క తాగినంత తాగనిచ్చి, ఆపైన పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ రాయండి. పాత జిగురుల అలవాటుతో బిగింపులు అతిగా బిగించకండి. రిసార్సినాల్‌కు గట్టి ఒత్తిడి కావాలి. ఎపాక్సీని అలా పిండేస్తే అతుకులో జిగురు చాలకుండా పోతుంది. అంచుల నుంచి సన్నగా బయటికి వస్తే చాలు. మూలలన్నిటిలో గుండ్రని ఎపాక్సీ పూత దిద్ది, బల్క్‌హెడ్ గోడకు నార 45 డిగ్రీల ఏటవాలుగా ఉన్న బట్ట, కింది పట్టెకు పొడవునా ఒకే దిశ నార వేయండి. గోడ మోసేది కోత బలం, పట్టె మోసేది లాగుడు. పొరల చివర్లు ఒకే చోట ముగించక మెట్లు మెట్లుగా తగ్గించండి. పొరల మధ్య ఎపాక్సీ ముఖం మీద జిడ్డు తేలితే నీళ్లతో, గరుకు పీచుతో కడిగిన తరవాతే గరుకు కాగితం పట్టండి.

మూసే ముందు పెట్టె లోపలంతా ఎపాక్సీ పూసి, కాలువ రంధ్రాలు వేసి, వాటి లోపలి అంచులకూ పూత వేయడం మరవకండి. డెక్‌కు ముదురు రంగు వద్దు. మామూలు ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ 50-60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది, ఎండలో నల్లటి డెక్ ఆ వేడిని సులువుగా దాటుతుంది.

నీటిగీత

అందరికీ కృతజ్ఞతలు. కుడి మూల పని ముగిసింది. చెక్కపని గారు చెప్పినట్టే పలకలతో పట్టె కట్టాను. దారాల కొలతలు రెండు వైపులా 3 మిల్లీమీటర్ల తేడాలో నిలిచాయి. గాలి గొట్టం మూతను తీసేసి, స్క్రూ రంధ్రాలను పెద్దవి చేసి చిక్కటి ఎపాక్సీతో పూడ్చాను. నీటిలో దించే ముందు బలం పరీక్షించే మార్గం ఏదైనా ఉందా?

దూలంలెక్క

ఉంది. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడేందుకు వారం పది రోజులు ఆగి, ఫ్లోట్ కింద, ముందు దూలం చివర సూటిగా, వెడల్పాటి దిమ్మ పెట్టి, తూకం మీద జాకీ నిలపండి. 250 కిలోల చొప్పున 1 టన్ను దాకా ఎత్తుతూ, ఫ్లోట్ ఎంత లేచిందో, పక్కనే హల్ ఎంత లేచిందో, రెండూ రాసుకొని తేడా తీయండి. ఆ తేడాయే దూలం వంపు. తరవాత బరువు దించి, ఫ్లోట్ మొదటి చోటికి తిరిగి వచ్చిందో లేదో చూడండి. ఎడమవైపు కూడా ఇదే చేయండి. వంపు బరువుతో సమానంగా పెరిగి, దించగానే సున్నాకు వస్తే అతుకు పని చేస్తున్నట్టే. చప్పుడు వస్తే ఆపేయండి.

నీటిగీత

చేశాను. కుడివైపు 1 టన్ను దగ్గర 14 మిల్లీమీటర్ల వంపు. దించాక 1 మిల్లీమీటరు లోపు మిగిలింది, చప్పుడు లేదు. ఎడమవైపు అదే బరువుకు 23 మిల్లీమీటర్లు, అందులో చివరి 250 కిలోలకే 9; దించాక 4 మిల్లీమీటర్లు తిరిగి రాలేదు. బయటి రంగు మీద గీత కూడా లేదు.

పాతచుక్కాని

ఆ 4 మిల్లీమీటర్లు జిగురు జారినవి. ఎడమ ముందు మూలను ఇప్పుడే తెరవండి, పడవ దిమ్మల మీద ఉండగానే, దారాలు విప్పకుండా. తరవాత వెనక దూలం రెండు మూలలకూ ఇదే జాకీ పరీక్ష పెట్టండి. ఫ్లోట్ల మీది చైన్‌ప్లేట్లను బయటికి తీసి, డెక్‌లో దాగిన భాగాన్ని భూతద్దంతో చూడండి. మాస్ట్ ఎలాగూ దించే ఉంది కాబట్టి ఆ పనికి ఇదే అదను. మరమ్మతు చేసిన ప్రతి మూల మీద, లోపలి వైపున, అతుకుకు అడ్డంగా పెళుసు రంగుతో సన్నని గీత వేసి ఉంచితే, ఎక్కడ కదలిక మొదలైనా ముందు ఆ గీతే చీలుతుంది.

నీటిగీత

ఎడమ మూల తెరవడానికి అల్మారా పలకలు ఇవాళే ఊడదీశాను. ఇక్కడ కింది పట్టె ఇంకా దబ్బనానికి లొంగలేదు, తేమ 19 శాతం ఉంది. బల్క్‌హెడ్ ప్లైవుడ్‌కూ పట్టెకూ మధ్య జిగురు గీత మాత్రం సన్నని బ్లేడు దూరేంత విడిపోయింది. పట్టె మార్చే అవసరం లేకుండా, పాత జిగురును పూర్తిగా గీకి ఎపాక్సీతో తిరిగి అతకవచ్చని అనుకుంటున్నాను. ముందుగా ఆరబెడుతున్నాను. మీటరు 12 లోపుకు దిగాక ఫొటోలు పెడతాను.